పదో పుల్ల

కాలేజీ స్టాఫ్ రూమ్,
సోమవారం

అక్కా,

ఎలా ఉన్నావు? బావగారి మోకాలు తగ్గిందా? అమ్మాయి పరీక్షలు అయ్యాయా? అడగాలి కనక అడిగేశాను. ఇక అసలు విషయానికొస్తాను.

వారపత్రికలో పాత ఇంగ్లీషు మాటల పుట్టుక గురించి శీర్షిక రాస్తున్నాను కదా, వచ్చే నెల వంతు ‘ఫర్లాంగు’ది. మన పెద్దవాళ్ళ నోట్లో ఎంతగా నలిగిన మాటో చూడు! "అదుగో, ఫర్లాంగు దూరంలోనే" అనేవాళ్ళు. నా క్లాసులో పిల్లల్ని అడిగితే ఒకడు "అదేదో జ్వరం మందా మేడమ్?" అన్నాడు. ఇంగ్లీషు వాళ్ళలోనూ అంతే, ఇప్పుడు గుర్రప్పందేల దగ్గర తప్ప ఎక్కడా వినపడదట.

పుట్టుక మాత్రం భలే ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘ఫుర్’ అంటే నాగటి చాలు, ‘లాంగ్’ అంటే పొడుగు. చాలు పొడుగే ఫర్లాంగు. ఎద్దులు నాగలి లాగుతూ ఆగకుండా ఎంత దూరం పోగలవో అంత. అక్కడ ఊపిరి తీసుకుని వెనక్కి తిరుగుతాయి. మైలులో ఎనిమిదో వంతు అని లెక్క కట్టడం తర్వాత సంగతి. మొదట అది ఎద్దు రొప్పు.

ఇంతవరకూ ఏ నిఘంటువు చూసినా దొరుకుతుంది. దానికి ఇంటి వాసన కావాలి. నాన్న రోడ్ల ఆఫీసులో కొలతల పని చేశాడు కదా. నాకు ఊహ తెలిసేసరికి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేశారు. నాకు తెలిసిన నాన్న ఫైళ్ళూ కళ్ళజోడూనే. అంతకు ముందరి నాన్న నీ దగ్గర ఉన్నాడు. ఆయన వెంట వెళ్ళేదానివిగా, గుర్తున్నదంతా రాయి. ఫోన్‌లో వద్దు, మధ్యలో కుక్కర్ కూసిందంటూ పోతావు. ఉత్తరమైతే నీ మాట నీలాగే ఉంటుంది.

నీ పిచ్చుక


వంటగది కిటికీ దగ్గర,
గురువారం

పిచ్చుకా,

మోకాలు ఫరవాలేదు. పరీక్షలు అయ్యాయి. నువ్వు అడగాలి కనక అడిగినా, నేను చెప్పాలి కనక చెబుతున్నాను.

చాలు పొడుగు సంగతి చదివి పొయ్యి కట్టేసి కూర్చున్నాను. మీ బావకి చదివి వినిపిస్తే, పేపరు దించకుండానే "చాలు గురించి ఇక చాలు, కాఫీ ఇవ్వు" అన్నారు. ఇంట్లో నా మాట ఎంతవరకు పోతుందో నీకు తెలుసుగా, పేపరు దాకా వెళ్ళి ఆగుతుంది. అందుకని ఇదంతా నీకే రాస్తున్నాను.

నాన్నకి ఈ ఎద్దుల సంగతి తెలీదే. తెలిసుంటే ఎంత నవ్వేవాడో. ఎందుకంటే మేమూ అక్కడే ఆగేవాళ్ళం.

రోడ్డు కొలిచే గొలుసు వెనక కొస పట్టే మనిషి రాని రోజున, నాకు సెలవైతే నన్ను తీసుకెళ్ళేవాడు. నాకు తొమ్మిదేళ్ళు, నువ్వు తొట్టెలో ఉన్నావు. వంద లింకుల ఇనప గొలుసు. రెండు కొసలకీ ఇత్తడి పిడులు. నాన్న ముందు పిడి పట్టుకుని లాక్కుంటూ పోయేవాడు. ఆయన చేతిలో పది ఇనప పుల్లలు, ఒక్కోదాని తలకి ఉంగరంలా చుట్ట. గొలుసు బిగిసిన చోట ఒక పుల్ల గుచ్చి ముందుకి కదిలేవాడు. నేను వెనక పిడితో ఆ పుల్ల దాకా వచ్చి, అక్కడ మళ్ళీ గొలుసు బిగిశాక దాన్ని పీకి చంకలో పెట్టుకునేదాన్ని. ఆయన చెయ్యి ఖాళీ అవుతూంటే నా చంక నిండేది. పదోది పీకానంటే ఫర్లాంగు అయినట్టే. అక్కడ ఆగేవాళ్ళం. నేను పది పుల్లలూ ఆయన చేతికిస్తే, ఒక్కోటీ తాకి చూసి "చేతులు మారాయి, ఊపిరి తీసుకో" అనేవాడు. ఫ్లాస్కు మూతలో నీళ్ళు ముందు నాకు, తర్వాత ఆయన. మళ్ళీ మొదలు. కొలత రాసిన కాగితం పోయినా చేతులు ఎన్నిసార్లు మారాయో గుర్తుంటే చాలనేవాడు.

ఒకరోజు చెప్పులో రాయి దూరి కాలు కోసుకుంది. మధ్యలో ఆగితే లెక్క పోతుందేమోనని నోరెత్తలేదు. పదో పుల్ల ఇస్తుంటే నాన్న నా కాలు చూశాడు. రోడ్డు పక్కనే కూర్చుని తన చేతిరుమాలు రెండుగా చింపి కట్టాడు. కట్టాక, "నొప్పెప్పుడు పుట్టింది?" అన్నాడు. "నాలుగో పుల్ల దగ్గర." "అయితే ఆరు పుల్లల దూరం నాకు చెప్పకుండా నడిచావన్నమాట. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. కొలత మళ్ళీ వేసుకోవచ్చే, కాలు మళ్ళీ వేసుకోలేం." ఆ మాట అంటుంటే ఆయన గొంతు పట్టేసింది. నాన్న గొంతు పట్టేయడం నేను విన్నది ఆ ఒక్కసారే.

మా అమ్మాయి చిన్నప్పుడు నిద్రపోనని మారాం చేస్తే ఈ కథే చెప్పేదాన్ని. ఇప్పుడది నన్ను ఆటపట్టించడమే పనిగా పెట్టుకుంది. ఇందాక డాబా మీద బట్టల తాడు కడుతుంటే "వల విసురుతున్నావా అమ్మా, చేపలెక్కడున్నాయి?" అంటూ పోయింది. నా పనులన్నీ దానికి వింతే.

రాస్తూ రాస్తూ అన్నం మాడ్చాను. నీ శీర్షిక ఖాతాలో రాసుకో.

ప్రేమతో,
అక్క


కాలేజీ స్టాఫ్ రూమ్,
బుధవారం

అక్కా,

నువ్వు బంగారానివి! నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కన్నీళ్ళతో అక్షరాలు కనిపించలేదు. పక్క సీటు హిస్టరీ మేడమ్ "ఏమైందండీ, ట్రాన్స్‌ఫరా?" అని అడిగింది.

శీర్షిక రాసి పంపేశాను. కొంచెం అటూ ఇటూ సర్దాను, చదివితే నీకే తెలుస్తుంది. క్లాసుకి వేళైంది.

నీ పిచ్చుక


వంటగది కిటికీ దగ్గర,
ఆదివారం

పిచ్చుకా,

పత్రిక వచ్చింది. బాగా రాశావు. ఎద్దులు రొప్పడం, చాలు చివర వెనక్కి తిరగడం, అన్నీ కళ్ళకి కట్టాయి.

‘నాన్న గొలుసు లాగుతుంటే వెనక పుల్లలు ఏరుకుంటూ నేను నడిచేదాన్ని’ అని రాశావు. చేతిరుమాలు నీ కాలికి కట్టించుకున్నావు. ఆయన గొంతు నీకోసం పట్టేసింది. ‘మా అక్క ఎండకి ఓర్వలేక ఇంటిపట్టునే ఉండేది’ అని కూడా రాశావు. ఆ రోజుల్లో ఇంటిపట్టున ఉన్నది నువ్వే, పక్క తడుపుకుంటూ.

ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను, విను. మీ బావ పైకి చదువుతున్నారు. నేను చపాతీలు ఒత్తుతున్నాను. మా అమ్మాయి, "అదేంటి నాన్నా, చేతిరుమాలు కట్టించుకుంది అమ్మ కదా?" అంది.

"ఇక్కడ మీ పిన్ని అని ఉంది."

"అమ్మా! నాకు నీ కథలా చెప్పేదానివే!"

"నాదేనే" అన్నాను.

మీ బావ నవ్వారు. "అచ్చులో ఉన్నదే సాక్ష్యం. మీ అమ్మ ఎవరి కథ చెప్పినా అందులోకి తను దూరుతుందిలే."

అమ్మాయి నవ్వలేదు. లేచి నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా. చిన్నపిల్లకి చెప్పే కథ కదా, ఎవరైనా అలాగే చెబుతారు" అంది. ‘అమ్మా, నువ్వు అబద్ధాలు చెబుతావు’ అని ఉంటే దానితో పోట్లాడేదాన్ని. ఓదార్చింది పిచ్చుకా. నా కూతురు నన్ను ఓదార్చింది. ఆ చపాతీ ఏ ఆకారంలో వచ్చిందో నాకు తెలీదు.

కోపంలో కలం పట్టకూడదని వీధి చివర పాలబూత్ దాకా నడిచి వచ్చాను. అది మా ఇంటికి ఫర్లాంగే. వచ్చాక రాస్తున్నాను. నాకు ఒకటే కావాలి. పత్రికలో వద్దులే, నీ పరువు పోతుంది. మా అమ్మాయికి ఒక్క వాక్యం రాయి, ‘గొలుసు వెనక నడిచింది మీ అమ్మ’ అని. అంతే.

అక్క


ఇంట్లో బల్ల దగ్గర,
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నీకు అంత పెద్దదిగా అనిపిస్తుందనుకోలేదు. శీర్షికలో ‘నేను’ అంటే నేను అని కాదక్కా, అది రాసే పద్ధతి. ‘మా అక్క నడిచింది’ అని మొదట రాసి చూశాను, చప్పగా ఉంది. ఎడిటర్ గారు కూడా "మీరే నడిచినట్టుంటే పాఠకుడు మీతో నడుస్తాడు" అన్నారు. అయినా నాన్న ఇద్దరికీ నాన్నే కదా. నీకు ఆయనతో ఎన్ని ఫర్లాంగులు! నాకు ఒక్కటైనా లేదు. ఒక్కటి నేను తీసుకుంటే నీకు తరిగిపోయిందా?

అమ్మాయికి ఉత్తరం రాయడం ఏం బాగుంటుంది చెప్పు? పిన్ని అబద్ధాలకోరు అనుకోదూ? దానికి నేనంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు.

ఇంతకన్నా మంచి దారి దొరికింది. శీర్షిక చదివి రోడ్ల ఆఫీసు వాళ్ళు పిలిచారు. ఆఫీసుకి నూరేళ్ళు నిండాయట, పాత సామాను అద్దాల బీరువాల్లో పెడుతున్నారు. నాన్న నాటి గొలుసు కూడా ఉందట. ఆ ప్రదర్శనని నా చేత తెరిపిస్తారట. మీరు ముగ్గురూ రండి. మైకు ముందు అందరూ వింటుండగా నేనే చెబుతాను, గొలుసు వెనక నడిచింది మా అక్క అని. నాన్న మీద ఒట్టు. అమ్మాయి నా నోటితోనే వింటుంది. సరేనా? కోపం పోయిందా?

నీ పిచ్చుక


వంటగది కిటికీ దగ్గర,
మంగళవారం

చెల్లికి,

తరిగిపోయిందా అని అడిగావు. ఒకటి తీసుకుంటే తరగదు. నువ్వు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మరీ తీసుకున్నావు. నీకు చోటు కావాలంటే పక్కన నడవాల్సింది. చిన్న చెల్లెలిలా నన్ను అడిగి ఉంటే, నిన్ను నా చంకనెత్తుకుని ఆ రోడ్డంతా మళ్ళీ నడిపించి చెప్పేదాన్ని.

ఒట్టు వేశావు కనక నమ్ముతున్నాను. వస్తాం. మా అమ్మాయికి ఏమీ చెప్పలేదు, నీ నోటితోనే విననీ.

అక్క


ఇంట్లో బల్ల దగ్గర,
సోమవారం

అక్కా,

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారేం? మిమ్మల్ని నలుగురికీ పరిచయం చేద్దామని చూస్తే కుర్చీలు ఖాళీ.

నీకు కోపం వచ్చిందని తెలుసు. చెబుదామనే లేచానక్కా, నిజం. ఆ ఆఫీసు పెద్దాయన నన్ను పరిచయం చేస్తూ ‘తండ్రి వెంట ఫర్లాంగులు నడిచిన చిన్నారి’ అనేశాడు. అంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ‘కాదండీ’ అని ఎలా అనను? నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆపైన ఆ పాడు గొలుసొకటి, చిక్కు పడి నా పరువు తీసింది. నువ్వు మూడో వరసలోనే ఉన్నావుగా, లేచి వచ్చి ఒక చెయ్యి వెయ్యకూడదూ? అలా చూస్తూ కూర్చున్నావే!

సరే, జరిగిందేదో జరిగింది. కడుపులో పెట్టుకో. నువ్వు కాకపోతే నాకెవరున్నారు?

అన్నట్టు, ఇంకో మాట తీశాను, ‘ఫాదమ్’. నీళ్ళ లోతు కొలిచేది. అసలర్థం రెండు చేతులూ బార చాచి దగ్గరకు తీసుకోవడమట! కొలతలో కౌగిలి దాక్కుందన్నమాట. నాన్న మనల్ని ఎప్పుడైనా అలా చేతులు చాచి… నాకు గుర్తు రావడం లేదు. నీ దగ్గర ఏదైనా ఉంటే రాయి. ఈసారి ‘మా అక్క’ అనే రాస్తాను, ఒట్టు.

నీ పిచ్చుక


వంటగది కిటికీ దగ్గర,
శనివారం

చెల్లికి,

లేచి ఎందుకు రాలేదని అడిగావు. చెబుతాను.

నువ్వు మైకు ముందుకి రాగానే మా అమ్మాయి నా మోచేతిని పొడిచి "పిన్ని ఎంత బాగుందో!" అంది. నువ్వు ఆ వాక్యం ఎప్పుడు చెబుతావా అని నేను ఎదురు చూస్తున్నాను. దాని మొహం వంక ఎప్పుడు తిరగాలా అని మెడ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చేతిరుమాలు సంగతి చెప్పావు. ఆరు పుల్లల దూరం అన్నావు. నీ గొంతు కూడా పట్టేసింది. నాన్న గొంతు ఎక్కడ పట్టేసిందో సరిగ్గా అక్కడే. అప్పుడు నాకు తెలిసింది, ఆ వాక్యం ఇక రాదని. మెడ దించుకున్నాను.

తర్వాత గొలుసు తెచ్చారు. మడిచి, గడ్డిమోపులా నడుముకి తోలుపట్టీ కట్టి ఉంది. ఆ ఇత్తడి పిడులు మాసిపోయి ఉన్నాయి. "చిన్నప్పటిలా ఒక్కసారి పరిచి చూపించండి మేడమ్" అన్నారు. నువ్వు పట్టీ ఊడదీసి, ఒక పిడి పట్టుకుని లాగావు. లింకులన్నీ ముద్దయి చిక్కుపడ్డాయి. ఇంకా లాగావు, ఇంకా బిగిసింది. "ఏళ్ళయింది కదండీ, చేతులు మరిచిపోయాయి" అన్నావు. మళ్ళీ చప్పట్లు.

మా అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. నా ఒళ్ళోకి చూస్తోంది. నేనూ చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి దానంతటదే పిడికిలి బిగించుకుని ఉంది.

"అమ్మా," అంది మెల్లిగా, "రెండు కొసలూ ఎడమ చేతిలోనే ఉండాలి కదూ?"

"నీకెవరు చెప్పారే?"

"కుడి చేత్తో మిగతాది ముందుకి విసిరెయ్యాలి. మళ్ళీ చుట్టేటప్పుడు కొస నుంచి కాదు, మధ్య నుంచి, రెండేసి మడతలు. అమ్మా… మన బట్టల తాడు."

నేను తల ఊపాను.

"తాతయ్యా నేర్పింది?"

ఊఁ అన్నాను. అది నా పిడికిలి మీద తన చెయ్యి వేసింది. ఈసారి ఓదార్చడానికి కాదు. తర్వాత లేచి, "నాన్నా, పదండి వెళ్దాం" అంది. మీ బావ "టీ ఇస్తారటే" అన్నారు. "టీ ఇంట్లో అమ్మ పెడుతుంది, లేవండి" అంది. అందుకే కుర్చీలు ఖాళీ.

ఇంటికి రాగానే డాబా ఎక్కి తాడు విప్పి తెచ్చింది. మొదటిసారి విసిరితే వెళ్ళి మీ బావ తల మీద పడింది. రెండోసారి తిన్నగా పోయింది. మీ బావ పేపరు దించి, మడిచి పక్కన పెట్టి, "ఆ కాలు కోసుకున్న కథ ఏదీ, మొదటి నుంచి చెప్పు" అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన పేపరు మడవడం నేను చూడలేదు.

అందుకని మా అమ్మాయికి నువ్విక ఆ వాక్యం రాయనక్కర్లేదు.

ఒకటి మాత్రం నాలో తిరుగుతోంది. ఆ రోజు నీకు అంత పొడుగు ఉత్తరం రాస్తూ గొలుసు విసిరే పద్ధతి రాయలేదు. దాచుకుందామని కాదు, రోజూ చేసే పని, ఇందులో రాయడానికేముంది అనుకున్నాను. నీకు రాసినవన్నీ నీవైపోయాయి. రాయడానికి తోచని ఆ ఒక్కటే నాకు మిగిలింది.

బార గురించి అడిగావు. నా దగ్గర ఉందా అని. ఉంది. నాన్న రెండు చేతులూ బార చాచి నిలబడ్డ రోజు ఒకటి ఉంది. అందులో నువ్వూ ఉన్నావు. నీకు నడక రాని వయసు, నీకు గుర్తుండదు.

అది ఇక్కడ రాయను. నిన్న సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. చేతులు మారాయి.

అక్క